మూడో కోటు

టికెట్టు రెండు రియాళ్లు. బస్సు, నీళ్ల సీసా, పగటి బువ్వ అందులోనే.
"ఇల్లు కట్టుకుందామని వచ్చి
ఇంకొకల్ల ఇల్లు చూసుడుకు పైసలు పెడ్తవా?" అన్నడు పోశెట్టి.
అనుకుంటనే కిటికీ పక్క సీట్ల నాకంటే ముందు కూసున్నడు.

రూవీ నుంచి బర్కా దాకా గైడు మాట్లాడుతనే ఉన్నది.
రహ్మా ఆమె పేరు.
మైకు కీచుమన్నప్పుడల్లా తప్పు తనదైనట్టు నవ్వుతది.
మౌజా బింత్ ఖల్ఫాన్ ఈ తీరంల పెద్ద పెయింటర్ అన్నది.
నా పతాక మీదా అదే మాట: పెయింటర్.
పోశెట్టి మోచేత్తో పొడిచిండు.

ముందు తోట.
జానెడు వెడల్పు ఫలజ్ కాలువ, చప్పుడు లేని నీళ్లు.
అందరు నిమ్మచెట్ల కిందికి పోతే
పోశెట్టి కాలువ పక్కన గొంతుక్కూసున్నడు.
"మోటరు లేదు, పైపు లేదు. వాటం చూడు,
ఏ తాత పెట్టిండో!"
ఆమె కూసునే ఇనుప కుర్చీ చుట్టూ తాడు కట్టి ఉన్నది.
దానిమ్మ పూతను నలభైసార్లు గీసిందట,
కాయను ఒక్కసారీ గీయలేదట.
ఎందుకని ఒక జర్మనీ ముసలాయన అడిగిండు.
రహ్మా చేతిల కాగితం తిరగేసింది.
కాగితంల లేదు.

గడప దగ్గర బూట్లకు ప్లాస్టిక్ సంచులు తొడిగిండ్రు.
పోయినసారి వచ్చినప్పుడు
నా బూట్లకు సిమెంటే తొడుగు.

"ఇది ఆమె పనిగది.
ఈ నీలం ఆమె తన చేత్తో కలిపింది.
కడలిల పోయిన తమ్ముని పడవ రంగు.
ముప్పై ఏండ్ల నుంచి ఈ గోడను ఎవరూ ముట్టుకోలేదు."

ఫోన్లన్ని ఒక్కసారి పైకి లేసినయి.

నేను కిటికీ పైమూల చూసిన.
రోలరు అందని చోట బ్రష్షు తిరిగిన జాడ,
కొసకు కొద్దిగ పైకి లేస్తది.
మేస్త్రీ ఎంత తిట్టినా పోని అలవాటు,
నా మణికట్టుది.

నిరుడు రంజాన్ రాత్రుల పని.
గోడంత చౌడు వట్టి నీలం పొట్టు లెక్క రాలుతుండె.
గోరంత పెచ్చును అగ్గిపెట్టెల దాచుకొని
షేడు కార్డులన్ని తిరగేసిన. ఏదీ కలవలె.
తెలుపుల నీలం, నీలంల చిటికెడు నలుపు,
ఇంకేదో తక్కువ.
పంతొమ్మిదో డబ్బాల పొరపాటున పసుపు చుక్క పడ్డది.
ఆరినంక పెచ్చును దాని మీద పెట్టిన.
పెచ్చు కనపడలె.
చేత్తో తడిమి దేవులాడుకున్న.

ఒట్టు, పడవ ముచ్చట అప్పుడు నాకు తెల్వదు.

ఇంకోటి కాగితంల లేనిది.
పాత పూత గీకుతుంటే మోకాలెత్తున
బొగ్గుతో గీసిన మేక బయటపడ్డది.
మూడే కాళ్లు.
నాలుగోది గీసేలోపు ఎవరో బువ్వకు పిలిచినట్టున్నరు.
"కాంట్రాక్టుల మేక లేదు, పుట్టీ కొట్టు" అన్నడు మేస్త్రీ.
చుట్టూ కొట్టిన. మేక మీద కొట్టలె.
పలుచగ ప్రైమరు, ఆ మీద మూడు కోట్లు.
చూస్తే తెల్వదు. తడిమితే
అరచెయ్యంత పల్లం.

ముసలాయన మనుమరాలు గోడకు చెయ్యి ఆనిచ్చింది,
సరిగ్గ ఆడనే.
"ముట్టొద్దు" అన్నది రహ్మా, మెల్లగ.
పిల్ల అరచెయ్యి చూసుకున్నది. ఏమంటలె.
మల్ల గోడను చూసింది.

"చెప్పరాదు?" పోశెట్టి నా చెవుల.
ఏమని చెప్పాలె.
ఎవరూ ముట్టుకోలేదన్న మాట కంటే
మెచ్చుకోలు ఇంకేముంటది నాకు.

ఖర్జూరాలు తిన్నంక ఒక దస్తరం ముందుకు జరిపిండ్రు,
ఇల్లెట్లున్నదో రాయమని.
పైన అరబ్బీల, ఇంగ్లీషుల పొగడ్తలు.
నేను తెలుగుల రాసిన:
"కిటికీ కింద చెమ్మ మల్లొస్తున్నది.
వానలకు ముందే చూసుకోండ్రి.
డబ్బాల పసుపు చుక్క మర్వకుండ్రి."
కింద పేరు రాయలె.
పెయింటర్ అని రాసిన.

రహ్మా తొంగి చూసి,
అచ్చరాలన్ని గుండ్రంగ ముద్దుగున్నయి,
ఏం రాసినవని అడిగింది.
నేను చెప్పేలోపు బస్సు హారన్ కొట్టిండ్రు.
పోశెట్టి ఇంకా కాలువ కాడనే ఉన్నడు.